తుడిచేసిన చెయ్యి

"ఇదిగో, ఈ పక్కన నీ చెయ్యొకటి అడ్డంగా పడింది. కాస్త తుడిచెయ్యి," అన్నాడు మొగుడు, ఫోను తెచ్చి ఆమె ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టి.

ఆమె అప్పుడు స్నానాలగదిలో గొంతుక్కూర్చుని అత్తగారి దుప్పటి పిండుతోంది. తల ఎత్తి చూసింది. ఫోటోలో అత్తగారు నిలబడి ఉంది. జారిపడి తుంటి విరిగి, ఆపరేషనై, మంచం దిగి కిటికీ దాకా నడిచిన మొదటి రోజది. కుడిపక్కన కొడుకు. తల్లి భుజం మీద రెండు వేళ్ళు ఆనించి, ఫోను వైపు తిరిగి నవ్వుతున్నాడు. ఎడమపక్క ఫోటో అంచులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. మోచేతి దాకా మడిచిన చొక్కా, పట్టీ అరిగిన గడియారం, ముసలావిడ చంక కిందికి దూరి బిగుసుకున్న వేళ్ళు. బరువంతా ఆ చేతి మీదే ఉంది. నరాలు తేలి కనిపిస్తున్నాయి.

"అది తీసేస్తే అత్తయ్య గాల్లో నిలబడ్డట్టు ఉంటుందండీ."

"అలా లేకుండా చెయ్యడమేగా నీ ఉద్యోగం? చిటికెలో పని. గ్రూపులో అందరూ ఎదురుచూస్తున్నారక్కడ."

చేతులు తుడుచుకుని ఆమె ఆ పని చేసింది. గడియారం తుడిచింది, వేళ్ళు తుడిచింది, వేళ్ళ కింద నలిగిన గౌను మడతలు తుడిచింది. ఖాళీ అయినచోట కిటికీ తెర గీసింది. బంధువుల గ్రూపులో పొగడ్తల వాన కురిసింది. 'కొడుకంటే నువ్వేరా' అని పెదనాన్న. 'మా హీరో' అని మేనత్త. ఆఖరికి ఆమెను కన్నతల్లి కూడా 'మా అల్లుడు బంగారం' అని పెట్టింది. అవన్నీ కొడుకు పైకి చదివి వినిపిస్తుంటే అత్తగారు కళ్ళు ఒత్తుకుని, "నా బిడ్డ లేకపోతే నేను లేచేదాన్నేనా?" అంది. ఆ మాట అంటూ కాళ్ళు చాపింది, కోడలు నూనె రాయడానికి వీలుగా.

కూతురు మాత్రం ఫోను లాక్కుని చూసి, "అమ్మా, నేను తీసినప్పుడు నీ చెయ్యి ఉందిగా! ఏదీ?" అంది. ఫోటో తీసింది ఆ పిల్లే. చిట్టి అంటారు దాన్ని ఇంట్లో.

"తుడిచేశాను."

"ఎందుకు?"

ఆమె అత్తగారి రెండో కాలికి నూనె రాయసాగింది.

ఆమె ఉద్యోగం తుడవడం. గుడ్డతో కాదు, కంప్యూటరు మీద. సినిమాల్లో హీరో ఊరికే ఎగరడు కదా. నడుముకి తాళ్ళు కడతారు, పైనుంచి మనుషులు గుంజుతారు, వాడు గాల్లో వేలాడుతూ ఛాతీ విరుచుకుంటాడు. ఆ తాళ్ళు జనానికి కనపడకూడదు. బొమ్మ తరవాత బొమ్మ వేసుకుని, ప్రతి బొమ్మలోనూ తాడు చెరిపి, తాడు వెనక ఏముండాలో అది గీయాలి. మబ్బుంటే మబ్బు, గోడైతే గోడ. రెప్పపాటు ఎగరడానికి రోజులు పడతాయి. ఎప్పుడూ తెరలు మూసి ఉండే ఆ ఆఫీసు హాల్లో తుడిచేవాళ్ళంతా ఆడవాళ్ళే. 'మీకైతే ఓపికెక్కువ' అంటాడు పెద్దసారు. మంటలూ పేలుళ్ళూ చేసే మగవాళ్ళు పై అంతస్తులో కూర్చుంటారు. వాళ్ళ పని బాగుంటే ఆహా అంటారు. వీళ్ళ పని బాగుంటే వీళ్ళు లేనట్టుంటుంది. ఆమె ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో మొగుడు స్నేహితుల ముందు ఒక జోకు వేశాడు. "గుడ్డతో తుడిచినా మౌసుతో తుడిచినా తుడుపు తుడుపేగా!" ఆ జోకు ఇప్పటికీ వేస్తూనే ఉన్నాడు. ఆమె టీ అందిస్తూనే ఉంది.

ఇప్పుడు వచ్చేది ఆ నీలం దుప్పటి హీరో సినిమా. మూడో భాగం. వీపుకి పొడుగాటి నీలం గుడ్డ వేలాడుతుంది కాబట్టి హాల్లో ఆడవాళ్ళంతా వాణ్ణి దుప్పటాయన అంటారు. దుప్పటాయన తాళ్ళు తుడవడానికి ఈసారి ఆదివారాలు పోయాయి, సాయంత్రాలు పోయాయి. పిల్ల జ్వరంతో పడుకున్న రోజు కూడా వెళ్ళింది. పైసా ఎక్కువ ఇవ్వలేదు. పెద్దసారు ఇచ్చింది ఒక్క మాట. "ఈసారి మీ అందరి పేర్లూ తెర మీద వేయిస్తానమ్మా. నాది హామీ." ఆ మాట పట్టుకుని ఆమె కళ్ళు మంటలెత్తేలా పనిచేసింది. వెర్రిదంటారా? అనండి. తన పేరు ఇంటి గుమ్మం మీద లేదు, పిల్ల బళ్ళో తండ్రి పేరే పిలుస్తారు, చుట్టాల్లో ఫలానా వాడి పెళ్ళాం. ఒక్కసారి, అంతెత్తు తెర మీద, తన పేరు తన కూతురు చదవాలి. అంతే ఆమె కోరిక. చిట్టికి ముందే చెప్పింది కూడా. "ఆఖర్న పేర్లు వస్తాయి చూడు, అప్పుడు మాత్రం నిద్రపోకే."

ఆదివారం పొద్దుటి ఆటకి వెళ్ళారు. వెళ్ళేముందు వంట చేసి, అత్తగారికి స్నానం చేయించి, గంట గంటకీ తొంగిచూడమని పక్కింటి పిన్నిగారిని బతిమాలి, మొగుడి దుప్పటి బొమ్మ టీషర్టు ఇస్త్రీ చేసింది. ఆయన టికెట్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఎప్పుడూ నీవల్లే ఆలస్యం," అన్నాడు.

సినిమా మొదలైంది. మళ్ళీ అదే నగరం. మళ్ళీ ఆకాశం చిరిగి అందులోంచి ఒకడు దిగుతాడు. వాడికి లోకం మీద పగ. ఎందుకని అడగకూడదు. మళ్ళీ మేడలు కూలతాయి, మళ్ళీ జనం ఒకే వైపు పరిగెడతారు, మళ్ళీ దుప్పటాయన ఒంటి మోకాలి మీద దిగి, నేల పగిలాక నెమ్మదిగా తల ఎత్తుతాడు. మొదటి భాగంలోనూ అంతే ఎత్తాడు. హీరో పెళ్ళాం మొదటి భాగంలో శాస్త్రవేత్త. రెండో భాగంలో ఆమెని ఎత్తుకుపోయారు. ఇందులో కిటికీ దగ్గర నిలబడింది. అంతే, నిలబడింది. కోట్లు పోసి తీసిన సినిమాలో ఆ మనిషికి ఒక కుర్చీ కూడా వేయలేదు. బురదలో దొర్లి, నెత్తుట్లో దొర్లి ఇంటికొచ్చినవాడి దుప్పటి మరుసటి సీనుకి తళతళలాడుతోంది. ఎవరుతికారు? లోకాన్ని కాపాడేవాళ్ళంతా సగం లోకాన్ని కూలగొట్టి ఎగిరిపోతారు. ఆ ఇటుకలు ఎవరెత్తారు? ఆ గాజుపెంకులు ఎవరూడ్చారు? ఊడ్చే సీను ఏ భాగంలోనూ ఉండదు. ఆమెకి కోపం కూడా రాలేదు, నీరసం వచ్చింది. పక్కన చిట్టి ఆవులించి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. అంత పెద్ద పేలుడు జరుగుతుంటే పిల్ల నిద్రపోయింది.

వంతెన మీద హీరో ఎగిరే ముక్క వచ్చింది. ఆమె ఎన్నో ఆదివారాలు పోసిన ముక్క. పక్క సీటాయన తుమ్మి ముక్కు తుడుచుకునేలోపల అయిపోయింది.

తరవాత వరద సీను. దుప్పటాయన ఒక ముసలమ్మని ఒంటిచేత్తో ఎత్తి నీళ్ళలోంచి పైకి తెస్తాడు. హాలంతా ఈలలు. మొగుడు కూడా వేశాడు. ఆమెకి మాత్రం తెరమీద ఇంకో ఇద్దరు కనపడ్డారు. షూటింగులో ఆ ముసలమ్మని మోసింది ఇద్దరు ఆడవాళ్ళు. తుడవడానికి సులువుగా ఉండాలని ఒళ్ళంతా ఆకుపచ్చ బట్ట తొడిగి, నీళ్ళలో నడుం దాకా నిలబెట్టారు. ముసుగు జారినప్పుడు ఒకావిడ మొహం కనిపించేది. బరువుకి పెదవి కొరుక్కునేది. ఆ కొరుక్కున్న పెదవిని ఆమె బొమ్మ బొమ్మకీ చూసింది, బొమ్మ బొమ్మకీ తుడిచింది. హీరో చెయ్యి ముసలమ్మ వీపుకి ఊరికే ఆని ఉంది. రెండు వేళ్ళు ఆనించి నవ్వుతున్నాడు.

రెండు వేళ్ళు. ఆమె తన ఎడమచేతి గడియారం వైపు చూసుకుంది. ఆ నవ్వు ఎక్కడ చూసిందో గుర్తొచ్చింది. అక్కడ ఆ ఆకుపచ్చ మనుషుల్ని తుడిచినందుకు జీతమన్నా ఇచ్చారు. ఇంట్లో తనని తను ఊరికే తుడుచుకుంది.

సినిమా అయిపోయింది. ఎవరూ లేవలేదు. ఇలాంటి సినిమాలకి పేర్లన్నీ అయ్యాక ఇంకో ముక్క వేస్తారు, వచ్చే భాగం గురించి. దానికోసం అందరూ కూర్చుంటారు. పేర్లు పాకుతుంటే ఫోన్లు చూసుకుంటారు. "ఛ, తలనొప్పి. మొదటి భాగంలో సగం కూడా లేదు," అంటూ మొగుడు కూడా తల దించి ఎవరికో ఏదో కొడుతున్నాడు. ఆమె చిట్టిని లేపింది. తల్లీకూతుళ్ళిద్దరే ఆ హాల్లో తెర చదువుతున్నారు. హీరోకి కసరత్తు నేర్పినవాడి పేరు వచ్చింది. హీరో వంటవాడు. హీరో జుట్టు దువ్వినవాడు. హీరో కుక్కని చూసుకున్నవాడు. ఆఖరికి వాళ్ళ కంపెనీ పేరు, కింద పెద్దసారు పేరు, దాని పక్కన 'మరియు బృందం'.

"అమ్మా, నీ పేరేదీ?"

"అయిపోయిందే."

"నేను మిస్సయ్యానా?" పిల్ల ఏడుపుమొహం పెట్టింది, తప్పు తనదే అయినట్టు.

మొగుడు ఫోను నుంచి తలెత్తకుండానే అన్నాడు. "బృందం అని వేశాడుగా, అందులో నువ్వూ ఉన్నట్టేగా. దానికి మొహం మాడ్చుకుంటావేం?"

అప్పుడు ఆ ఆఖరి ముక్క వేశారు. ఆకాశంలోంచి ఒక దుప్పటి రాలిపడుతుంది, ఎవడిదో బూటు దాని పక్కన ఆగుతుంది. నాలుగో భాగం. ఇందాకటిదాకా ఛ అన్నవాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు, "ఇంతసేపా? కాళ్ళు పట్టేశాయి," అంటోంది. చెప్పులు విప్పేలోపే మొగుడు హుషారుగా, "ఏమోయ్, అమ్మని లేపు. ఈ టీషర్టుతో ఇంకో ఫోటో తీసుకుందాం. మేనత్త అడుగుతోంది," అన్నాడు. ఆమె లేపింది. చంక కింద చెయ్యి వేసి, తన నడుం మీదికి బరువు తీసుకుని, ఊపిరి బిగబట్టి నిలబెట్టింది. ఆయన వచ్చి కుడిపక్క నిలబడ్డాడు. రెండు వేళ్ళు ఆనించాడు. చిట్టి నొక్కింది.

"చెయ్యి తుడిచేసి నా ఫోన్లోంచే గ్రూపులో పెట్టెయ్," అని చెప్పి ఆయన లోపలికి వెళ్ళి నడుం వాల్చాడు. సినిమా చూసి అలిసిపోయాడు పాపం.

అత్తగారిని పడుకోబెట్టేసరికి ఆమె ఫోనుకి పెద్దసారు సందేశం వచ్చి ఉంది. 'నాలుగో భాగం రేపటినుంచే మొదలు. ఆదివారాలు రావాలి. ఈసారి పేర్లు ఖాయం.' ఆమె నిలబడే జవాబు కొట్టింది. 'పేర్లు ముందు కాగితం మీద రాసివ్వండి సార్. అందాకా హీరోని తాళ్ళతోనే ఎగరనివ్వండి.' వేలు ఒక్క క్షణం ఆగింది. ఉద్యోగం పోవచ్చు. పోతే పోనీ అనగలిగేంత తాహతు ఆ ఇంటికి లేదు. అయినా పంపేసింది.

తరవాత మొగుడి ఫోను తీసుకుని వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. ఫోటోలో తన చెయ్యి అలాగే ఉంది, నరాలు తేలి. దాని జోలికి పోలేదు. ముందు టీషర్టు మీది నీలం దుప్పటి తుడిచింది. తరవాత నవ్వు తుడిచింది. ఆఖర్న ఆ రెండు వేళ్ళు. ఖాళీ అయినచోట గోడ గీసింది. ఇన్నేళ్ళ పనిలో ఇంత సులువుగా ఏదీ చెరగలేదు. ఆయన్ని మొత్తం తీసేశాక కూడా ఫోటోలో అత్తగారు ఒక్క వెంట్రుకవాసైనా పక్కకి ఒరగలేదు. గట్టిగా, నిటారుగా, ఆ చేతి మీద ఆనుకుని నిలబడే ఉంది.

గ్రూపులో పెట్టి, ఫోను ఆయన మంచం పక్కన పెట్టి, దుప్పటి పిండడానికి వెళ్ళింది.

ఫోను మోగడం మొదలుపెట్టింది. ముందు ఒకటి, తరవాత వరసగా. మేనత్త, పెదనాన్న, పిన్ని. కాసేపటికి ఆయన జుట్టు చెదిరి, కళ్ళు పెద్దవి చేసుకుని స్నానాలగది గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం చేశావ్ నువ్వు? ఆ చెయ్యెవరిదని అడుగుతున్నారందరూ! నన్ను పిచ్చోణ్ణి చేశావ్! ఇందులో నేనేడీ? నేనెక్కడున్నానని?"

ఆమె తల ఎత్తలేదు. దుప్పటి కొస నుంచి నీళ్ళు కారేదాకా ఇంకో మెలి తిప్పింది.

"రోజూ ఎక్కడుంటారో అక్కడే ఉన్నారు," అంది.