పదకొండో కిలోమీటరు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పళ్ల సెట్లు తయారుచేసే ఆయన మాత్రం ఈ ఆదివారం పట్టి తీరాలనుకున్నాడు.

వారం వారం పనిబల్ల మీది దవడల అచ్చులు పక్కకు నెట్టి, బావతో ట్యాంకుల ఆట ఆడతాడు. బల్లంతా చదునైన ఎడారి. అంగుళమంటే అర కిలోమీటరు. ఎదుటివాడికి కనబడని ట్యాంకును బల్ల మీద పెట్టరు. ఎక్కడుందో చీటీ రాసి తీర్పరికిస్తారు. తీర్పరి ఆయన భార్యే. అంటే బావకు సొంత చెల్లెలు! రేవులో ఓడల రాకపోకలు నమోదు చేసే ఉద్యోగం ఆవిడది.

భూమి గుండ్రం కాబట్టి, ట్యాంకులోని చూపు ఐదున్నర కిలోమీటర్ల దగ్గర నేల అంచున ఆగిపోతుంది. ఆ లెక్క ఆయనకు కంఠతా వచ్చు. తన ట్యాంకుల్ని ఎనిమిదికి అవతలే దాస్తాడు. అయినా ఆవిడ "కనబడింది" అంటుంది. ఇక బావ ఫిరంగులు పని కానిచ్చేస్తాయి. అడుగుదామంటే, అబద్ధం చెబుతుందేమోనని భయం. ఆ తర్వాత ఆవిడ ఏ మాట నమ్మగలడు?

అందుకే ఉచ్చు పన్నాడు. ఒక పొట్టి ట్యాంకు, పొడవాటి రేడియో స్తంభమున్న కమాండర్ ట్యాంకు ఒకటి. రెండింటికీ చీటీలు రాశాడు: బావ ట్యాంకు నుంచి పదకొండో కిలోమీటరు, పక్కపక్కనే. ఇక్కడా పట్టుబడితే అన్నాచెల్లెళ్ల బండారం బయటపడ్డట్టే.

బావ ట్యాంకు ఉన్నచోటే ఆగి చూసింది. ఆవిడ చీటీలు చూసి, పెన్సిలుతో లెక్క వేసింది.

"స్తంభమున్నది కనబడింది."

"పదకొండులోనా? ఎలా కనబడుతుందే!" ఆయన గొంతు లేచింది.

ఆవిడ రెండో చీటీ వంక చూసింది, ఆయన ముఖం వంక చూసింది.

"అన్నయ్యా, కాస్త వరండాలోకి వెళ్తావా?"

"మొగుడూ పెళ్లాల గొడవకు ఫిరంగులు ఆపాలా?" గొణుక్కుంటూ వెళ్లాడు బావ.

ఆవిడ తలుపు వేసి, గొంతు తగ్గించింది.

"దూరాన ఓడ కింది భాగం మునిగినట్టుంటుంది, స్తంభం మాత్రం కనబడుతుంది. రోజూ చూస్తున్నాను. అన్నయ్య చూపు ఎంత దూరమో కొలిచారు సరే. మీ ట్యాంకు ఎత్తుకు నేల అంచు ఎంత దూరం వస్తుందో అదీ కలపాలి. కలిపితే పొట్టిది పదకొండుకు చాలదు. పొడుగుది చాలుతుంది. అందుకే ఒకటే చెప్పాను."

ఆయన ఆవిడ వేసిన లెక్కను దగ్గరకు లాక్కుని సరిచూశాడు.

"రెండూ ఒకే గీత మీద పెట్టింది నన్ను పరీక్షించడానికే కదండీ?"

"...అవును."

ఆవిడ రెండో చీటీ మడిచి గుప్పిట్లో పెట్టుకుని తలుపు తీసింది.

"ఏంటమ్మా రహస్యం? ఇంకా ఏమైనా దాచాడా?" బావ కన్ను కొట్టాడు.

"ఆట అయ్యాక అడుగు."

గుప్పిట విప్పలేదు. అంత కోపంలోనూ విప్పలేదు.

ఆయన పొట్టి ట్యాంకును జేబులోంచి తీసి తానే బల్ల మీద పెట్టేశాడు.

"ఇదిగో బావా, కాల్చెయ్. ఆట నీదే. నేను మీ చెల్లెలికి సంజాయిషీ చెప్పుకోవాలి."

"ముందు మీ వంతు ఆడండి," అంది ఆవిడ, పెన్సిలు చెక్కుకుంటూ. "చెప్పుకోవడానికి సాయంత్రమంతా ఉంది."