చెర్రీ చెట్టెక్కిన ఎడమ చెప్పు

నేను ఒక ఎడమకాలి హవాయి చెప్పును. ఎక్కడో ఫ్యాక్టరీలో రబ్బరు కంపు మధ్య పుట్టానట. నాకు బుద్ధి తెలిసేసరికి మాత్రం అరకులో కూర్మారావుగారి కాలికింద ఉన్నాను. పక్కనే నా జతగాడు, కుడివాడు. నడిచినన్నాళ్లూ నేను ముందుంటే వాడు వెనక, వాడు ముందుంటే నేను వెనక. పట్టీ తెగితే ఆయన పిన్నీసు గుచ్చారు. మళ్లీ తెగితే ఇంకో పిన్నీసు. పాత చెప్పు మీద మనిషికెంత ప్రేమో కొత్తది కొనాల్సొచ్చినప్పుడే తెలుస్తుంది.

కూర్మారావుగారు ఆఫీసు క్యాలెండరులో ఒళ్లంతా పూసిన చెర్రీ చెట్టును చూసి మనసు పారేసుకున్నారు. అంతవరకూ పెరట్లో ఆయన నాటినదేదీ బతకలేదు, కనకాంబరాలతో సహా. మొక్క తెప్పించి నాటిన రోజున, "నా చేత్తో ఇదొక్కటైనా పూస్తే చాలు" అన్నారు. నవ్వుతూ అన్న మాట కాదది, పాపం.

చెర్రీకి చలి కావాలని ఎవరో చెప్పారు. అరకు చలి చాలదనుకున్నారేమో, ఎండ కాసినప్పుడల్లా ఫ్రిజ్‌లోని ఐసుముక్కలు తెచ్చి దాని మొదట్లో పోసేవారు. ఆయన భార్య వరాలుగారు చుట్టాలకు గోరువెచ్చని నిమ్మరసం ఇచ్చేవారు. చెట్టు మాత్రం మనిషెత్తు దాటి పెరిగి, ఒక చలికాలం ఉన్న ఆకులన్నీ రాల్చేసి మోడై నిలబడింది.

అప్పుడే శ్రీకాకుళం నుంచి ఆయన అత్తగారు బంగారమ్మగారు వచ్చారు. చెట్టును ఒక్క చూపు చూసి తేల్చేశారు.

"దిష్టి తగిలినాదే వరాలూ. ఎడంకాలి చెప్పొకటి కట్టేయండి, తేరుకుంటాది."

"బీఎస్సీ బోటనీ చదివినవాణ్ణి అత్తయ్యగారూ, నా చెట్టుకి చెప్పు కడతారా?"

"మీ చదువుకి కనకాంబరమైనా పూసిందేటి, బాబూ?"

కూర్మారావుగారు నన్ను విడిచి అత్తగారి ముందు పెట్టారు. నన్ను పురికొసతో కొమ్మకు కట్టేశారు. పుట్టి బుద్ధెరిగాక మనుషుల్ని పైనుంచి చూడటం అదే మొదలు. అందరి నెత్తిమీదా జుట్టు పలచబడుతోంది. కుడివాడు స్నానాలగది గోడపక్కన ఒంటరిగా పడి ఉన్నాడు. వాడి కోసం బెంగగా ఉండేది.

రోజూ పొద్దున్నే కూర్మారావుగారు వచ్చి రెమ్మను గోటితో గీకి, లోపల పచ్చగా కనిపిస్తే "బతికే ఉంది" అనుకుంటూ వెళ్లేవారు.

"మీరు గీకీ గీకీ చంపీసేరు. ఉగాదికి ఆకెయ్యకపోతే పీకీసి మునగకొమ్మ పాతీస్తాను" అన్నారు వరాలుగారు. మునక్కాయ పులుసు ఆయనకూ ఇష్టమే, అదీ చిక్కు.

ఉగాది వచ్చింది. ఆకు రాలేదు. కూర్మారావుగారు మెట్టు మీద ఇటు వీపు పెట్టి కూర్చుని పచ్చడికి వేపపువ్వు దూస్తున్నారు. ఆయన చేతులు నెమ్మదిగా కదులుతున్నాయి. చెట్టు పోతే నేనూ చెత్తకుండీకే పోతాను. అయినా ఆ వీపు చూస్తే నా సంగతి నాకు గుర్తు రాలేదు. వరాలుగారు గునపం తెచ్చి మొదట్లో వంగారు. ఒక్క పోటు వేశారు. ఆ అదురుకి పురికొస తెగింది. నేను సూటిగా వెళ్లి ఆమె వీపు మీద పడ్డాను. కాలు లేకుండా నేను వేసిన దెబ్బ అదొక్కటే.

తిట్టడానికి ఆమె తలెత్తారు. గునపం వదిలేశారు.

"ఏటండీ, ఒకపాలి ఇలా రండి. ఆకు లేదు గానీ పువ్వొచ్చింది."

నాకు పైనున్న కొమ్మ నిండా గులాబిరంగు మొగ్గలు. పైరెమ్మన ఒకటి విచ్చుకుంది. ఇన్నాళ్లూ అందరూ ఆకు కోసం వెతికారు. ఇది మోదుగలా ముందు పూసి తర్వాత ఆకేసే రకమని బోటనీ పట్టాకి తట్టలేదు. కూర్మారావుగారు కొమ్మ వంచి, పువ్వును గోటితో కాక వేలి వెనకవైపుతో తాకారు. ఆయన కళ్లు తడిశాయి. నాకూ సంతోషం ఆగలేదు.

"చెప్పు కట్టమన్నది నేనే కదా" అన్నారు బంగారమ్మగారు.

నన్ను మళ్లీ కొమ్మెక్కించారు. సాయంత్రానికి వీధంతా వచ్చి చూసింది, చెట్టును కాదు, నన్ను. జామచెట్లకూ నిమ్మచెట్లకూ ఎడమ చెప్పులు వేలాడాయి. ఐసుముక్కల ఊసు ఎవరూ ఎత్తలేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

మర్నాడు తెల్లవారకముందే కూర్మారావుగారు అటూ ఇటూ చూసుకుంటూ వచ్చారు. తువ్వాలు కింద నుంచి కుడివాణ్ణి తీసి నా పక్కన గట్టిగా కట్టారు.

"సైన్సు సైన్సే. అయినా వచ్చే ఏడు పూయకపోతే మునగకొమ్మతో ఎవడు పడతాడు?" అని నాతో గుసగుసగా అన్నారు.

పూరేకు ఒకటి రాలి కుడివాడి అరిగిన మడమ మీద పడింది. ఇన్నేళ్లకు ఇద్దరం కదలకుండా ఒకచోట ఉన్నాం, ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు.