కేళీ అనుకున్న కజెమాచి

నేను ఒక వరి గింజను. పుట్టింది జపాన్‌లో, కొండల మధ్య ఒక చలి ఊళ్లో. మా రకం పేరు కజెమాచి. మాతో అక్కడివాళ్లు సాకే అనే బియ్యపు మద్యం పులియబెట్టేవారు. అందుకోసం మమ్మల్ని సగానికి సగం అరగదీసి, కడుపులోని తెల్లటి పిండిని మాత్రం ఉంచుకునేవారు. మనుషులు ముద్దు చేస్తే అలాగే ఉంటుంది!

మేం పొడుగు. గాలి వీస్తే పడిపోతాం. పొట్టి రకాలు రాగానే మమ్మల్ని మరిచారు. ఎక్కడో విత్తనాల గదిలో మావాళ్లు గుప్పెడు మంది మిగిలారు, అదీ పొట్టివాళ్లతో కలగలిసి. సాకే బట్టీ నడిపే కియోనో ఆ గుప్పెడూ అడిగి తెచ్చింది. తాతల నాటి రుచి తిరిగి రాకపోతే ఇక బట్టీకి తాళం వేయడమేనని ఆమె బెంగ.

పండించే బాధ్యత గెంపేయి తాతది. బతుకంతా విత్తన వరి పండించినవాడు. చేలో మిగతావాటిని మించి ఏ మొక్క తలెత్తినా అతనికి అది కేళీ, అంటే వేరే రకం మొక్క. పీకి గట్టున పడేయాల్సిందే. అలవాటు పడ్డ చెయ్యి ఊరుకుంటుందా? ఓ పొద్దున మడిలోకి దిగి పొడుగువన్నీ పీకేశాడు.

"అయ్యో తాతా, అవి కేళీలు కావు! వాటి కోసమే కదా ఈ మడి వేయించింది!" అని కియోనో పరుగెత్తుకొచ్చింది.

"నా చేతులు పడిపోనూ!" అంటూ ముసలాయన గట్టు మీద కూలబడ్డాడు.

అదృష్టం, పీకుతుండగా నడుం పట్టేయడంతో మూలన ఒక్క పొడుగు దుబ్బు వదిలేశాడు. నేను ఆ దుబ్బులోనే పుట్టాను, ఆ నడుం నొప్పి చల్లగా ఉండాలి. అప్పట్నుంచి నాకు కునుకు లేదు. గాలి వీచినా భయం, పిచ్చుక వాలినా భయం. గెంపేయి వెదురు కర్రలు పాతి, దుబ్బును కట్టి, కోత దాకా కాపలా కూర్చున్నాడు.

కోత అయ్యాక కొత్త అనుమానం. ఇది నిజంగా కజెమాచేనా? గింజను అడ్డంగా కోసి, కడుపులో తెలుపు ఉందో లేదో చూడాలి. మొలకెత్తాలని మాకందరికీ ఒకటే తహతహ. కియోనో వేలు నా మీద ఆగింది.

"దాన్ని వదిలేయమ్మా. ఏదైనా తాలుది చూడు."

"తాలులో ఏం కనిపిస్తుంది తాతా? గట్టిదే కావాలి."

బ్లేడు దిగింది. నా నడిమధ్యన పాలచుక్కలా తెలుపు. కియోనో పగలబడి నవ్వింది. గెంపేయి కళ్లొత్తుకున్నాడు. మిగతావాళ్లను వచ్చే ఏటి నారుమడికని పదిలంగా దాచి, నన్ను బల్ల మీదే మరిచిపోయారు. కోపం రాలేదంటే అబద్ధం. కానీ మొలక ఉన్న సగం ఇంకా ఊరుకోవడం లేదు. కాస్త తడిగుడ్డ కప్పండి ఎవరైనా, ప్రయత్నించి చూస్తాను.