సున్నా దాకా నడక

ఈ ఉదయం మా వార్డు పోలింగు గదిలో బల్లకీ తెరకీ మధ్య పదకొండు కిలోమీటర్లు ఉంది. పోయిన ఎన్నికల్లో తొమ్మిదే. బయటినుంచి చూస్తే మాత్రం ఎప్పటి రెండు కిటికీల గదే.

ఓటు కాగితం మీద ఒకటే పేరు ఉంటుంది, విశ్వంభరం. పార్టీ నిలబెట్టిన మనిషి. ఒప్పుకుంటే కాగితం మడిచి, బల్ల మీది పెట్టెలో వేసి ఇంటికి పోవచ్చు. ఒప్పుకోకపోతే తెర వెనక్కి వెళ్లి ఆ పేరు కొట్టేయాలి. ఓటు రహస్యమే. తెర వైపు నడవడం ఒక్కటే అందరికీ కనిపిస్తుంది.

మా అక్క మంగవేణి ఐదేళ్ల కిందట తెర వైపు బయల్దేరింది. ఇంకా నడుస్తూనే ఉంది. బల్ల దగ్గర నిలబడితే ఆవగింజంత వీపు కనిపిస్తుంది. అమ్మ ఈమధ్య మాట్లాడడం తగ్గించేసింది. నాకు అక్క మీద కోపం, అంతకన్నా బెంగ.

ఎన్నికల అధికారి నూకరాజు గారు నా ముందు రెండు కాగితాలు పెడతారు.

"మేస్టరమ్మ గారూ, రెండోది మీ అక్కగారిది. అదీ మీరే ఏసీండి. మజ్జానానికల్లా నూటికి నూరూ అయిపోవాల."

"వేస్తే ఏమవుతుంది?"

"ఆవిడ ఓటేసీసినట్టే. ఓటేసీసిన మనిషి గదిలో ఉండకూడదు కదండీ."

"ఇంటికొచ్చేస్తుందా?"

"అది మా శాఖ కాదమ్మా."

ఆయన మంచివాడే. నిజంగానే తెలియదు.

అక్క కాగితాన్ని పెట్టె మీదికి తెస్తాను. వరసలో వెనకున్నవాళ్లు చప్పట్లు మొదలుపెడతారు. దూరాన ఆ వీపు అంచుల్లో చెరిగిపోతూ ఉంటుంది. రెండు కాగితాలూ జాకెట్లో దోపుకుని తెర వైపు అడుగు వేస్తాను. చప్పట్లు ఆగిపోతాయి.

కొంతదూరం గచ్చు. తర్వాత నేలంతా తెల్లకాగితం. దానిమీద గోడలంత ఎత్తున విశ్వంభరం పేరు, ఒక్కో అక్షరం ఒక్కో పేటంత. ఆ గోడల మీదుగా తిన్నగా ఒక నల్లటి గీత పోతోంది. అది అక్క అడుగులు గీసిన గీత. దానిమీదే నడుస్తాను. మధ్యాహ్నం కావడం మానేసింది.

పేరు చివరి సున్నా కింద అక్క కూర్చుని ఉంది. బయల్దేరినప్పుడు ఆమెకు ఇరవయ్యారు, ఇప్పుడూ ఇరవయ్యారే. నాకు ఇరవైతొమ్మిది.

"వచ్చీసేవా అక్కా?" అంటుంది నన్ను.

ఏడుపు ఆగదు. "పదవే, ఇంటికెళ్లిపోదాం."

"కొట్టేయడానికి ఈ సున్నా ఒకటే మిగిలిపోయింది. పెద్దదానివి, ముందు నువ్వెక్కు."

కుచ్చిళ్లు దోపుకుని ఎక్కుతాను. సిరా ఇంకా ఆరలేదు.