చీనా వేరుకు నా సంతకం

విరూపాక్ష మొహం చూస్తేనే నాకు ఒళ్లు మండేది. జహీరాబాద్ బస్టాండు ఎదుట డబ్బాకొట్టులో చీనా వేరు అమ్మేవాడు. ఏడో తరగతి తప్పినవాడు మోకాళ్ల నొప్పులకు వైద్యం చెప్పడం, కోహీర్ నుంచి, రాయికోడ్ నుంచి జనం వచ్చి చేతులు కట్టుకుని వినడం. చీనా ఎటువైపుందో కూడా వాడికి తెలియదు. వేరును పొద్దంతా ఉడికించి ఆ నీళ్లు తాగమనేవాడు. ఎందుకని అడిగితే పెద్దలు చెప్పారంటూ ఇకిలించేవాడు.

1983లో మా అమ్మ కూడా ఆ కషాయం మొదలుపెట్టింది. నేనేమో హైదరాబాదులో మందులు పరీక్షించే ల్యాబులో కెమిస్టుని. తల కొట్టేసినట్టయింది. అది వసనాభి అనే విషపు మొక్క జాతి వేరని నా అనుమానం. అమ్మ గిన్నెలోంచి సీసాడు కషాయం తీసుకెళ్లి పరీక్షించాను. పరీక్ష గాజుపలక మీద విషం మచ్చగా కనిపించాల్సిన చోట ఏమీ లేదు. కిందెక్కడో లేతగా ఒక మచ్చ కనిపించింది. ఈ చెత్తకు అంతకంటే శ్రద్ధ దండగని వదిలేశాను.

వాడి పరువు తీయాలని, ల్యాబు తరఫున కాక సొంతంగా ఉత్తరం రాసి వాడి చేతికే ఇచ్చాను. "ఈ వేరులో విషమూ లేదు, మందూ లేదు. వట్టి కట్టెపుల్ల." కింద నా డిగ్రీలు, సంతకం. వాడు దానికి అద్దం కట్టించి కొట్లో వేలాడదీశాడు. విషమూ లేదన్న ముక్కనూ నా సంతకాన్నీ వదిలి, మిగతా రాత మీద అద్దానికి అడ్డంగా విభూతి పట్టెలు పూశాడు. దండం పెట్టుకుని మరీ కొన్నారు జనం.

రెండు నెలలకు పక్కింటి శరణమ్మ చిన్నమ్మ ఆ వేరు తిని పడిపోయిందని తెలిసింది. విరూపాక్షను జైల్లో వేయించాలనే కసితో దవాఖానకు వెళ్లాను. గుండె లయ తప్పింది, ఆశ పెట్టుకోవద్దని డాక్టరు బయటే చెప్పాడు.

వేరును ఎంతసేపు ఉడికించావని చిన్నమ్మను అడిగాను. అడుగుతుండగానే ఆ లేత మచ్చ గుర్తొచ్చింది. ఎక్కువసేపు ఉడికితే వసనాభి విషం విరిగిపోతుంది. విరిగిన విషమే ఆ మచ్చ. కాలేజీలో నేను చదివిన పాఠమే. నేను పరీక్షించింది అమ్మ ఉడికించిన నీళ్లను, సంతకం పెట్టింది పచ్చి వేరుకు. నామీద నాకే అసహ్యం వేసింది.

తిమ్మిరెక్కిన పెదవులతో చిన్నమ్మ మెల్లగా చెప్పింది.

"ఉడకబెట్టలే బిడ్డా. ఇషం లేదని నువ్వే రాసినవ్ గద. మరి పొద్దంత కట్టెలు కాల్చుడెందుకని నూరుకొని మింగిన."