రానీ... రానీ...

"రానీ... రానీ... కొంచెం ఎడమకి కొట్టు... రానీ..."

లారీ వెనక చక్రాలు కంకరను నలుపుకుంటూ సరుకు దించే ప్లాట్‌ఫాం వైపు వస్తున్నాయి. డ్రైవరుకు అద్దంలో కనిపించేలా ఆయన ఒక పక్కగా నిలబడి, కుడి అరచెయ్యి తెరిచి, గాలిని తన వైపు లాక్కుంటున్నట్టు వేళ్ళు ఆడిస్తున్నాడు. ప్లాట్‌ఫాం అంచుకు కొట్టిన రబ్బరు పట్టీకీ లారీ వెనక తలుపుకీ మధ్య బెత్తెడు సందు మిగిలేసరికి ఆ అరచెయ్యి పిడికిలయింది. "ఆపు" అన్నాడు. బండి ఆగింది. చంకలో ఉన్న చెక్కదిమ్మను వెనక చక్రం కిందికి తోసి, మడమతో ఒక్క తన్ను తన్ని, నడుము పట్టుకుని లేచాడు.

ఆయన ఉద్యోగానికి కాగితాల మీద ఏదో పెద్ద పేరే ఉంది. దాన్ని ఎవరూ వాడరు. యార్డులో అందరికీ ఆయన రానీ బాబాయి. బండి వెనక్కి వస్తుంటే డ్రైవరుకు కనపడనిదంతా తను చూసి చెప్పాలి, అంతే పని. ఇంట్లో కూడా ఆ మాట వదలదు. మంచం జరపాలన్నా, బీరువా తలుపు తియ్యాలన్నా రానీ రానీ అంటాడు. పుట్టినప్పుడు మంత్రసానికి కూడా మీరే దారి చెప్పి ఉంటారని భార్య వెక్కిరిస్తుంది.

ఆ ఉదయం ఎడమ భుజంలో సన్నగా నొప్పి ఉంది. రాత్రి పక్క మీద అడ్డంగా పడుకున్నందువల్ల అనుకున్నాడు. భార్య అలా అనుకోలేదు. క్లినిక్కుకు వెళ్దాం పదండి అని చెప్పులు కూడా వేసుకుని నిలబడింది. రేపు వెళ్దామన్నాడు ఆయన. ఇవాళ ఒక బండి రావాలి. ఆ బండి వచ్చేదాకా తను యార్డు వదిలి కదలడు.

గేటు పక్కన రేకుల గది ఆయనది. అందులో ఒక కుర్చీ, నీళ్ళ సీసా, వర్షానికి తొడుక్కునే కోటు, రబ్బరు పట్టీ చుట్టి మూత ఊడకుండా కట్టిన పాత టేప్ రికార్డరు. కిటికీ గట్టు మీద క్యాసెట్ డబ్బా ఖాళీగా, మూత తెరిచి ఉంది. క్యాసెట్ బయట ఉన్నంతసేపూ ఆ మూత మూయడం ఆయనకు ఇష్టం ఉండదు. వారం రోజులుగా అది అలాగే ఉంది, వారం రోజులుగా గదిలో చప్పుడు లేదు. మూటలు దించుతున్న హమాలీల్లో ఒకడు తల లోపలికి పెట్టి అడిగాడు.

"ఏం బాబాయ్, మీవాళ్ళు ఊరెళ్ళారా?"

"వెళ్ళారు. ఇవాళ వస్తారు."

ఆ 'మీవాళ్ళు' అంటే ఒక బ్యాండు. దాని పేరు ఆయనకు తెలియదు. ఎప్పుడో ఒక వానాకాలం పార్సిలు పెట్టె ఒకటి తడిసి ముద్దయి వచ్చింది. తీసుకోవలసినవాడు మాకొద్దు పొమ్మన్నాడు. అందులోని క్యాసెట్లన్నీ గేటు దగ్గర పారబోస్తుంటే ఆయన ఒకటి ఏరుకున్నాడు. అట్ట మీద అక్షరాలు కరిగి కారిపోయాయి. ఒక రోడ్డు ముక్క, పక్కన కంచె, ఆకాశం మాత్రం మిగిలాయి. ఎండబెట్టి రికార్డరులో వేస్తే మొదటి రెండు పాటలూ విని మిషను పాడైందనుకున్నాడు, గొంతు అంత గరుకుగా ఉంది. మూడో పాటకు చేతిలో టీ చల్లారిపోయింది.

ముందు ఒక గిటారు వచ్చింది. మామూలుగా మీటినట్టు కాదు, తీగ మీద ఇనప కడ్డీ పెట్టి జార్చినట్టు, స్వరం ఒక చోట మొదలై ఇంకో చోటికి పాకుతూ పోయింది. దాని వెనక డ్రమ్ము, ఖాళీ లారీ గతుకుల్లో పోతున్న తీరులో. ఆ తర్వాత పొద్దుటి నుంచీ ఎవరితోనో మాట్లాడి అలిసిపోయిన మనిషిలా ఒకడు పాట ఎత్తుకున్నాడు. ఇంగ్లీషు ఆయనకు బండ్ల మీద రాసి ఉన్నంత వరకే వచ్చు. కానీ పల్లవి దగ్గర వాడు స్పష్టంగా అన్నాడు: రానీ... రానీ... ఆయన సౌండు పెంచాడు. ఎక్కడో, ఏ దేశంలోనో, ముక్కూమొహం తెలియనివాడు తన పని మీద పాట కట్టాడు. ఆ సంతోషం తలకెక్కి మళ్ళీ దిగలేదు.

ఒకసారి కూతురు వచ్చినప్పుడు ఫోనుకు ఆ పాట వినిపించి ఎవరిదో చెప్పమంది. ఫోను చాలాసేపు ఆలోచించి తెలియదంది. ఇలాంటివే ఇవి కూడా అంటూ ఇంకో వందమందిని మాత్రం చూపించింది. దీన్ని ఆల్టర్నేటివ్ కంట్రీ అంటారు నాన్నా, రూట్స్ రాక్ అని కూడా అంటారు అని చదివింది కూతురు. ఆల్టర్నేటివ్ అంటే బదులు అని తెలిసి, దేనికి బదులని అడిగాడు ఆయన. అది ఆమెకూ తెలియలేదు. రూట్స్ మాత్రం ఆయనకు వెంటనే అర్థమైంది. లారీలకు రూట్లు ఉంటాయి కదా, ఆ రూట్లలో పుట్టిన సంగీతమన్నమాట. ఆ రూటు కాదు నాన్నా, చెట్టు వేళ్ళు అని ఆమె ఎంత చెప్పినా చెవిన వేసుకోలేదు. చక్రాలున్నదానికి వేళ్ళెందుకన్నాడు.

ఆ వందమందినీ ఓపిగ్గా విన్నాడు. విని వరసలు కలిపాడు. ఫిడేలు ఎక్కువ వాయించేవాళ్ళు మావాళ్ళకు మేనత్త కొడుకులు. గిటారు మోత చెవులు బద్దలు కొట్టేవాళ్ళు పినతండ్రి పిల్లలు, కాస్త దుడుకు, కానీ మనసు మంచిది. మరీ శుభ్రంగా, గొంతుకు నూనె రాసుకున్నట్టు పాడేవాళ్ళను పెళ్ళికి పిలిస్తే చాలు, ఇంట్లో ఉంచుకోనక్కర్లేదు.

ఇదంతా చెప్పుకోవడానికి మనిషి లేడు. ఆయన బాధల్లా అదే. భార్య మొదటి వైపు సగం వరకు విని కునుకు తీస్తుంది. కూతురు ప్రేమ కొద్దీ తల ఊపుతుంది. కాటా దగ్గర గుమస్తా సౌండు తగ్గించమంటాడు. హమాలీలు వినకుండానే "బాగుంది బాబాయ్" అంటారు, అది తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది. క్యాసెట్ తిప్పి రెండో వైపు ఆఖరి పాట దాకా విన్నవాడు తను తప్ప ఇంకొకడు లేడు. బాగాలేదన్నా సరే, పూర్తిగా విని ఒక్కడు ఆ మాటంటే చాలు. అరవై ఏళ్ళు దగ్గర పడుతున్న మనిషికి ఇది చిన్నపిల్లాడి కోరికలా ఉంటుందని ఆయనకూ తెలుసు. అయినా కోరిక కోరికే.

అందుకే వారం క్రితం ఎన్నడూ చెయ్యని పని చేశాడు. క్యాసెట్‌ను గది దాటించాడు. యార్డుకొచ్చే బండ్లలో క్యాసెట్ ప్లేయరు మిగిలింది వంకలరావు బండికొక్కదానికే. అది అతని పేరు కాదు. టీలో చక్కెరకు, టైరులో గాలికి, ప్రభుత్వం వేసిన రోడ్డుకు, దేవుడిచ్చిన ఎండకు, అన్నిటికీ వంక పెడతాడని అలా పిలుస్తారు. అతను క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి, పేరు కూడా లేదేంటని జేబులో వేసుకుపోయాడు. ఆ బండి ప్లేయరు టేపు నమిలేస్తుందేమోనని ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు.

మధ్యాహ్నం భోజనం డబ్బా సగం తిని మూసేశాడు. బండ్లు వచ్చాయి, వెళ్ళాయి. చెయ్యి ఎత్తినప్పుడల్లా నొప్పి మోచేతిదాకా దిగుతోంది. ఇంటికెళ్ళిపో, నేను చూసుకుంటానన్నాడు గుమస్తా. ఆయన వినలేదు. ఎండ ప్లాట్‌ఫాం దిగి కంకర మీదికి జారింది.

లారీ కన్నా ముందు పాట వచ్చింది. గేటు అవతల రోడ్డు మీద, ఇంజను మోతలోంచి, ఆ జారే గిటారు. ఆయన కుర్చీలోంచి లేచిన తీరు చూసి గుమస్తా నవ్వాడు. వంకలరావు రెండు కిటికీల అద్దాలూ దించి, సౌండు పూర్తిగా పెంచి, బండిని గేటులోకి తిప్పి రివర్సు వేశాడు. ఆయన చెయ్యెత్తాడు. "రానీ... రానీ..." సరిగ్గా అప్పుడే పల్లవి అందుకుంది. లోపల వాడూ బయట ఈయనా ఒకే మాట అంటుండగా, అంత పెద్ద బండి మెత్తగా వెనక్కి వచ్చి బెత్తెడు దూరంలో ఆగింది. అలాంటి క్షణం ఒకటి తన బతుకులో ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. చెక్కదిమ్మ పెట్టి లేస్తుంటే కళ్ళలో నీళ్ళున్నాయి.

వంకలరావు టీ తెచ్చుకుని గది గుమ్మంలో కూర్చున్నాడు. టీలో చక్కెర తక్కువైందన్నాడు. తర్వాత పాటల మీద పడ్డాడు. పాడేవాడికి జలుబు చేసినట్టుంది. డ్రమ్ములవాడికి ఇంటికి పోయే తొందరెక్కువ. మొదటి వైపు నాలుగో పాట అసలు ఉండకూడదు. ఆయన ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. ఇంత తీపిగా తనను ఇంతవరకు ఎవరూ తిట్టలేదు.

"రెండో వైపు?"

"విన్నా. ఆఖరిదాకా. ఆఖరి పాటలో వాడు మధ్యలో పాట ఆపేసి దగ్గుతాడు చూడు, అదొక్కటే నిజం."

ఆ దగ్గు సంగతి ఎవరికైనా చెప్పాలని ఆయనకు ఎన్ని సంవత్సరాలుగానో ఉంది.

వంకలరావు గ్లాసు కింద పెట్టి కాసేపు నసిగాడు. "ఏమీ అనుకోనంటే ఒక మాట. అది రానీ కాదు బాబాయ్. రన్నింగ్. పరిగెడుతున్నా అంటున్నాడు. ఇల్లూ వాకిలీ వదిలేసి పోతున్నాడు వాడు."

బయట హమాలీలు టార్పాలిన్ లాగుతున్నారు. ఆయన చాలాసేపు తన అరచేతిని చూసుకున్నాడు. వంకలరావుకు ఎందుకన్నానా అనిపించింది.

"పోతున్నాడా?"

"ఆ. పాటంతా అదే."

"పోనీలే. వాడు పోతున్నానని వాడు పాడతాడు. రానీ అని నేను వింటా. వెనక ఒకడు నిలబడి రానీ అంటుంటేనే కదా, పోయినవాడికి రావాలనిపించేది."

వంకలరావు జీవితంలో మొదటిసారి వంక పెట్టకుండా ఊరుకున్నాడు. తర్వాత లేచి, లుంగీ దులుపుకుని, బండి వైపు చూస్తూ అడిగాడు. "క్యాసెట్ ఇంకో ట్రిప్పు ఉంచుకోనా?"

"ఉంచుకో. టేపు నలగకుండా చూడు."

అరగంటలో సరుకు దిగింది. వంకలరావు ఇంజను స్టార్టు చేసి, చక్రం కింది దిమ్మ తియ్యమని కేక వేశాడు. ఆయన పలకలేదు. హారను కొట్టాడు. దిగివచ్చి చూస్తే ఆయన కుర్చీలో ఉన్నాడు. తల కిటికీ వైపు వాలి ఉంది, కుడి అరచెయ్యి మోకాలి మీద తెరుచుకుని ఉంది. నిద్రపోతున్నాడనుకుని భుజం తట్టాడు. తర్వాత గుమస్తాను పిలిచాడు. ఆ సాయంత్రం యార్డులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. దిమ్మను వంకలరావే వంగి తీశాడు.

తర్వాతి ట్రిప్పులో క్యాసెట్ తిరిగిద్దామని అతను బాబాయి ఇంటికి వెళ్ళాడు. బాబాయి భార్య దాన్ని చేతిలోకి తీసుకుని, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది.

"నేనెప్పుడూ సగంలోనే నిద్రపోయేదాన్ని. నీ దగ్గరే ఉంచు నాయనా, బండిలో తిరగనీ."

యార్డుకు వచ్చి రివర్సు వేశాడు. అద్దంలో ప్లాట్‌ఫాం, రబ్బరు పట్టీ, కంకర ఉన్నాయి. పక్కగా ఎవరూ లేరు. ప్లేయరులో పల్లవి వచ్చింది. అది రన్నింగ్ అని విన్నది తనే, బాబాయికి చెప్పింది తనే. ఇప్పుడు ఎంత చెవి పెట్టి విన్నా ఆ మాట వినపడలేదు. రానీ, రానీ అంటున్నాడు. వంకలరావు ఆ గొంతు చెప్పినట్టే కొంచెం కొంచెంగా వెనక్కి వచ్చి బెత్తెడు దూరంలో ఆపి, స్టీరింగు మీద తల ఆనించుకున్నాడు.

రేకుల గదికి ఇంకా తాళం వెయ్యలేదు. కిటికీ గట్టు మీద క్యాసెట్ డబ్బా మూత తెరిచే ఉంది.