మిగులు లెక్కకు రాని ఫైలు

సీసా బావ వ్యాపారమంతా ఒక తీసివేతలో ఉంది. పాత ప్రోగ్రాములను ఏ ఆఫీసు కంప్యూటర్లోనైనా నడిచేలా మూటగట్టి ఇవ్వడం అతని పని. సీసాలో పోసి బిరడా బిగించినట్టు కడతాడని బావమరిది పెట్టిన పేరే అందరికీ అలవాటైంది.

పద్ధతి సులువే. శుభ్రంగా తుడిచిన కంప్యూటర్లో ఏయే ఫైళ్ళున్నాయో ముందు లెక్క తీయాలి. ప్రోగ్రాం ఎక్కించాక మళ్ళీ తీయాలి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలిందే ప్యాకేజీ. పొద్దున కొట్లో ఉన్న సరుకూ సాయంత్రం ఉన్న సరుకూ చూసి, మధ్యలో ఏం దిగిందో చెప్పడం లాంటిది. పొద్దుటి లెక్క తప్పితే సాయంత్రం కళ్ళు పొడుచుకున్నా లాభం లేదు.

మందుల గోదాము బేరం తగిలినప్పుడు బావా బావమరుదులిద్దరూ గాల్లో తేలారు. పెట్టెల మీద లేబుళ్ళు కొట్టే పాత ప్రోగ్రామది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇది నడిస్తే గోదాము శాఖలన్నిటి పనీ దక్కుతుంది, నడవకపోతే దుకాణం కట్టేసుకోవాలి. ఆ ఆశతోనే బావమరిది ఉన్న ఉద్యోగం వదిలి వచ్చి కూర్చున్నాడు.

పరీక్షకు ప్రోగ్రాం ఎక్కించి చూస్తే మొదట ప్రింటరు కదల్లేదు. బావమరిది గోదాములోని పాత కంప్యూటర్ నుంచి ప్రింటరు ఫైలొకటి తెచ్చి, తాము ప్యాకేజీలు కట్టే కంప్యూటర్లో వేశాడు. లేబులు చకచకా వచ్చింది.

“బావా, ఇప్పుడిది తుడిచేసి మొదలుపెడదామా?”

“మళ్ళీ పూటంతా పోతుంది. పనిచేస్తోందిగా, కానీయ్.”

“తుడవకుండా మొదలుపెడితే చెయ్యి విరగ్గొడతానన్నది నువ్వేగా?”

“నీ చెయ్యి అన్నాను. ఇది నా చెయ్యి.”

ప్రోగ్రాం ఒక్కటే తీసేసి మొదటి లెక్క తీశాడు. అలా ఒక పూట మిగిల్చాడు. గోదాము పెద్దాయనను పిలిచి ప్యాకేజీని అదే కంప్యూటర్లో నడిపి చూపించాడు. పెద్దాయన మురిసిపోయి, చోటు ఇరుకని పాత కంప్యూటర్లన్నీ తుక్కుకు తోలేశాడు. సీసా బావ కూడా పని ముగిసిందని, అలవాటు కొద్దీ తన కంప్యూటర్ తుడిచేశాడు. అవసరమైనప్పుడు చెయ్యని శుభ్రం, అక్కర్లేనప్పుడు చేశాడు.

గోదాములో కొత్త కంప్యూటర్ల మీద ప్రోగ్రాం తెరుచుకుంది. ప్రింట్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. సీసా బావకు అప్పుడు తట్టింది. ఆ ప్రింటరు ఫైలు మొదటి లెక్కప్పటికే తమ కంప్యూటర్లో ఉంది, కాబట్టి మిగులులోకి రాలేదు.

పాత ప్రోగ్రాం డిస్కు వెతికారు. అందులో లేదు. తుక్కువాడికి ఫోన్ చేశారు.

“అవా? మొన్ననే నలగ్గొట్టేశాం సార్. ముక్కలు కావాలా?”

బయట లారీలు బారులు తీరాయి. లేబులు లేని మందుపెట్టె గేటు దాటదు. డ్రైవర్ల హారన్లకు పెద్దాయన గదిలోంచి బయటికొచ్చాడు.

“నా కళ్ళముందే నడిచిందయ్యా!”

“మా కంప్యూటర్లో నడిచిందండీ.”

“అయితే దాన్నే పట్టుకురా.”

“దాన్నీ తుడిచేశానండీ.”

పెద్దాయన నాలుగు తిట్టినా బాగుండేది. కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చున్నాడు. “ఇక చాలు బాబూ. వేరేవాళ్ళ దగ్గర కొత్త ప్రోగ్రామే కొనుక్కుంటాం. శాఖల సంగతి మర్చిపోండి.”

మెట్లు దిగుతూ సీసా బావ లెక్క వేసుకున్నాడు. ఒక పూట మిగిల్చి దుకాణం పోగొట్టాడు. బావమరిది వదులుకున్న ఉద్యోగమూ తన ఖాతాలోనే పడింది. ఎటునుంచి కూడినా అదే వస్తోంది.

“బావా, అక్కకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?”

“నువ్వే చెప్పు.”

“నేనెందుకు?”

“నేనైతే ఆ ఫైలు తెచ్చి పెట్టింది నువ్వేనని చెప్పేస్తాను. నా సంగతి నాకు తెలుసు.”

బావమరిది ఆగి, అతని ముఖంలోకి చూశాడు. తర్వాత ఆ మెట్టు మీదే కూలబడ్డాడు.